పదిహేడో నంబరు గొంతు

"నా వీక్‌నెస్ ఒక్కటే మేడం. కొంచెం ఎక్కువ మాట్లాడతాను."

ల్యాప్‌టాప్‌లోంచి ఆ మగగొంతు గలగలా నవ్వింది. అరుంధతి మీట నొక్కింది. నవ్వు సగంలో తెగింది.

"ఫిబ్రవరి ఆరో తారీఖు, టెలిఫోన్ రౌండ్. ఈ జవాబు మీరిచ్చిందే కదా?" అందామె. "ఇప్పుడు నేనడిగింది మీ పేరు మాత్రమే. మూడోసారి అడుగుతున్నాను."

దివాకర్ నోరు తెరిచే ఉంది. నాలుక పైపళ్ళ వెనక అతుక్కుపోయింది. మెడనరం తాడులా లేచింది. 'ద' అనే అక్షరం గొంతుకి అడ్డంపడి ఊపిరిని కూడా కదలనివ్వడం లేదు. ఇస్త్రీ చేయించిన చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"ద్... ద్..."

ఏ మాటైనా అడ్డం తిరిగితే ఇంకో మాట వెతుక్కోవడం అతనికి చిన్నప్పటి నుంచీ అలవాటు. 'తార్నాక' నోట్లోంచి రాదని బస్సు కండక్టర్‌తో 'మెట్టుగూడ' అని చెప్పి, రెండు స్టాపులు ముందే తార్నాకలో దిగిపోయేవాడు. కాఫీ తాగాలని ఉన్నా, 'క' పలకదని చాయ్ తాగేవాడు. అన్నిటికీ బదులు మాటలున్నాయి. మనిషి పేరుకే లేదు.

బల్లకి అవతల అరుంధతి పక్కన ఆత్రేయ కూర్చున్నాడు. స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంట్ ప్రొఫెసర్. ఇక్కడి విద్యార్థుల ఉద్యోగాల వ్యవహారమంతా చూసేది ఆయనే. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"మేడం, పిల్లగాడికి కొంచెం నత్తి ఉన్న మాట నిజమే. కానీ మెరిట్ స్టూడెంట్. టెన్షన్ పడుతున్నడు."

"నత్తి ఉంటే నాకేమీ ఇబ్బంది లేదు సార్," అంది అరుంధతి. ఆమె బెంగళూరు కంపెనీలో ఉద్యోగులను ఎంపిక చేసే విభాగానికి పెద్ద. "ఈ ఉద్యోగంలో నోటితో పనే లేదు. కంప్యూటర్ ముందు కూర్చుని లెక్కల్లో తప్పులు పట్టుకోవాలి. ఆ రోజు వచ్చిన జవాబులు చూసి, తీసుకోవలసిన మనిషని నేనే ఈ పేరు కింద ఎర్ర గీత గీసుకున్నాను. ఎన్నిసార్లు ఆగుతూ చెప్పినా వినేదాన్ని. కానీ ఈ రికార్డింగ్‌లో ఉన్న మనిషి ఒక్కసారి కూడా ఆగలేదు."

ఆమె దివాకర్ కళ్ళలోకి చూసింది.

"ఈ గొంతు మీది కాదు. ఎవరిది?"

ఆత్రేయ ముఖం కందిపోయింది. "ప్రాక్సీనా? నా డిపార్ట్‌మెంట్‌లోనా?"

ఒకరి బదులు ఇంకొకరు హాజరు పలకడానికి కాలేజీల్లో వాడే మాట అది. ఇంటర్వ్యూ గదిలో ఆ మాట పడితే మాత్రం ఉరితాడే. ప్రాక్సీ అని తేలినవాడిని యూనివర్సిటీ ఇంకే కంపెనీ ముందూ కూర్చోనివ్వదు. మాట్లాడి పెట్టినవాడికీ అదే శిక్ష. చేతిలో ఉద్యోగం ఉంటే అదీ పోతుంది.

"పది నిమిషాలు టైం ఇస్తున్న," అన్నాడు ఆత్రేయ. "బయటికి పో. నీళ్ళు తాగు. తిరిగొచ్చి పేరు చెప్పు."

*

బయట వరండాలో ముఖేష్ చేతిలో లిస్టు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ప్లేస్‌మెంట్ సెల్ తరఫున ఈ రోజు పేర్లు పిలిచే పని అతనిదే. ఖంగుమనే గొంతు. అటు మెట్ల దాకా వినిపిస్తుంది.

"రోల్ నంబర్ ట్వంటీ టూ, రెడీగా ఉండమ్మా! నెక్స్ట్ నువ్వే!"

దివాకర్‌ని చూడగానే దగ్గరికి ఉరికాడు. "ఏందిరా గింతసేపు? సెలెక్టేనా? అరేయ్, పారడైజ్‌ల బిర్యానీకి పోవుడేనా?"

దివాకర్ గోడకి ఆనుకున్నాడు. ఎవరితో మాట్లాడినా ఇరుక్కునే నాలుక ముఖేష్ దగ్గర సగమే ఇరుక్కుంటుంది.

"రి... రికార్డు చేసిండ్రు. ఆ రోజు కాల్."

ముఖేష్ చేతిలోని లిస్టుని నాలుగు మడతలు పెట్టాడు.

ఆ రోజు మధ్యాహ్నం తార్నాకలో, పోస్టాఫీసు వెనక సందులోని వాళ్ళ అద్దెగదిలో ఇద్దరూ అన్నం తింటున్నారు. దివాకర్ ఫోన్ మోగింది. కొత్త నంబరు. ముఖేష్ ఎడంచేత్తో ఫోన్ ఎత్తి చెవికి పెట్టుకున్నాడు. దివాకర్ ఫోన్ ఎప్పుడూ అతనే ఎత్తుతాడు. కొరియర్ అయినా, బ్యాంక్ అయినా, గ్యాస్ అయినా అంతే. "హా, దివాకర్ హియర్," అన్నాడు పప్పు కలుపుకుంటూ. మరుక్షణం అతని కళ్ళు పెద్దవయ్యాయి. ఫోన్‌ని అరచేత్తో మూశాడు.

"వారీ! ఇంటర్వ్యూ అంటరా! ఇప్పుడేనట! ఏం చెయ్యాల్రా?"

అప్పుడు ఫోన్ లాక్కోవచ్చు. 'నేనే దివాకర్ని, ఒక్క నిమిషం ఆగండి' అని, ఆ మాట పూర్తవడానికి రెండు నిమిషాలు పట్టినా సరే, చెప్పుకోవచ్చు. దివాకర్ చెయ్యి ఫోన్ వైపు లేచింది కూడా. కానీ దారి మార్చుకుని చాప పక్కనున్న నోట్‌బుక్ అందుకుంది. పందొమ్మిది నిమిషాలు. అవతల ప్రశ్న రావడం, దివాకర్ ఎంగిలి చేత్తోనే జవాబు రాయడం, ముఖేష్ దాన్ని తడుముకోకుండా చదవడం. ఆఖరి ప్రశ్నకి మాత్రం నోట్‌బుక్ చూడలేదు. మీ బలహీనత ఏమిటని అడిగితే ఎక్కువ మాట్లాడటమని సొంతంగా చెప్పి నవ్వాడు. ఫోన్ పెట్టేశాక ఇద్దరూ కింద పడి దొర్లి దొర్లి నవ్వారు. పై రౌండ్‌కి పిలుపు వచ్చిందని తొర్రూరు దగ్గర పత్తిచేలో ఉన్న దివాకర్ తల్లి బుచ్చవ్వకి ఫోన్ చేసి చెప్పింది కూడా ముఖేషే. కన్నకొడుకు మాత్రం పక్కన కూర్చుని ఆమె ఏడుపు విన్నాడు.

"నా పేరడిగిండ్రా?" ఇప్పుడు ముఖేష్ గొంతు గుసగుసగా మారింది.

దివాకర్ తలూపాడు.

"చెప్పినవా?"

"లే... లేదు."

"అరేయ్, నీ కాళ్ళు మొక్కుతరా. మా అమ్మ సంగతి నీకెరికే గదా. నా ఆఫర్ లెటర్ ఫోటో తీసి అంబర్‌పేటలో కూరగాయలమ్మేటోళ్ళకు గూడ చూపించింది. ఇప్పుడు గిది పోయిందంటే..." మాట మధ్యలోనే మింగేశాడు. "నువ్వన్నవనే గదరా మాట్లాడిన?"

దివాకర్ తలెత్తి చూశాడు. తను ఏమీ అనలేదు. అనగలిగితే ఇక్కడిదాకా వచ్చేదే కాదు. కానీ ఆ రోజు నోట్‌బుక్ అందుకున్నది తన చెయ్యే. ఆ చెయ్యి అన్నట్టే కదా.

"చె... చెప్పను," అన్నాడు.

ముఖేష్ అతని భుజం పట్టుకుని గట్టిగా నొక్కాడు. అప్పుడే తలుపు తీసుకుని అటెండర్ లచ్చయ్య బయటికి వచ్చాడు.

"ముఖేష్ బిడ్డా, నిన్ను గూడ లోపల్కి రమ్మంటున్రు. గా మేడం పిలుస్తుంది."

"నన్నెందుకు తాతా?"

"నాకేం ఎరుక? పేర్లు పిలిచే పిల్లగాణ్ణి పిలువుమన్నది."

ముఖేష్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. పొద్దుటి నుంచి ఈ వరండాలో తన గొంతు మోగుతూనే ఉందని, అదంతా లోపలికి వినిపిస్తూనే ఉందని అతనికి అప్పుడు గుర్తొచ్చింది.

*

అరుంధతి ఒక కాగితం ముందుకి జరిపింది. దాని మీద ఇంగ్లీషులో రెండు వాక్యాలున్నాయి. రికార్డింగ్‌లో మొదట వినపడిన వాక్యాలే.

"ఇది గట్టిగా చదవండి బాబూ. పొద్దున పేర్లు పిలిచినట్టు."

ముఖేష్ కాగితం తీసుకున్నాడు. ఆత్రేయ వైపు చూశాడు. దివాకర్ వైపు చూడలేదు.

"గు... గు... గుడ్... మా... మా..."

అరుంధతి చేతిలోని పెన్ను కింద పెట్టింది.

ముఖేష్ చదువుతూనే ఉన్నాడు. ప్రతి మాటకీ తల ఓ పక్కకి వంచుతున్నాడు, కళ్ళు మూస్తున్నాడు, తొడ మీద వేలితో కొట్టుకుంటున్నాడు. ఆ తల వంపు దివాకర్‌ది. ఆ వేలి దెబ్బ దివాకర్‌ది. ఎదురుగా అద్దం పెట్టినట్టే ఉంది. ఒక్కటే తేడా. నిజంగా మాట ఇరుక్కున్నవాడికి మెడనరం లేస్తుంది. ముఖేష్ మెడ నున్నగా, ప్రశాంతంగా ఉంది.

దివాకర్ నేల వైపు చూశాడు. స్కూల్లో వెక్కిరించారు, హాస్టల్లో వెక్కిరించారు, పెళ్ళిళ్ళలో వరసైనవాళ్ళు వెక్కిరించారు. రెండేళ్ళలో ఒక్కసారి కూడా వెక్కిరించని మనిషి ఒక్కడే. వాడి దగ్గర ఇంత బాగా నేర్చుకున్న నత్తి ఉందని ఇవాళే తెలిసింది. వాడు వెక్కిరించడం లేదనీ, ప్రాణం మీదికి వచ్చి చేస్తున్నాడనీ తెలుసు. అయినా ఏ పెళ్ళిలోనూ ఇంత నొప్పి పుట్టలేదు.

"చాలు," అంది అరుంధతి. ఆ మాట చాలా మెల్లగా అంది.

"చూసిండ్రా మేడం?" ఆత్రేయ వెంటనే అందుకున్నాడు. "గొంతు కలవట్లేదు. వీడు కాదు. ముఖేష్, నువ్వు పో."

ముఖేష్ కాగితం బల్ల మీద పెట్టాడు. తలుపు దాటేటప్పుడు కూడా తల తిప్పలేదు. అతను వెళ్ళిన తరవాత వరండాలో ఇంక పేర్లేవీ వినపడలేదు.

అరుంధతి ఫోన్ మోగింది. "ఒక్క నిమిషం," అంటూ కిటికీ అవతలి బాల్కనీలోకి వెళ్ళింది.

ఆత్రేయ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. గొంతు తగ్గించాడు. "ఇగో, విను. ముఖేష్ పేరు బయటికి రావొద్దు. ఈ ఏడాది ఉద్యోగాలొచ్చినోళ్ళ లిస్టులో వాడు ఎక్కిండు, పేపర్లన్నీ పైకి పోయినయ్. బయటోడు ఎవడో ఒకని పేరు రాయి. పాత ఫ్రెండు, ఇప్పుడు ఊర్ల లేడు అని చెప్పు. ఆమె ఫైలు మూసుకుని పోతది."

దివాకర్ ఆయన ముఖంలోకి చూశాడు.

సార్‌కి తెలుసు.

ఎందుకు తెలియదు? ఆ గొంతుని ప్రతిరోజూ పొద్దున పదింటికి ఈయనే కదా విన్నాడు!

"నీకు ఎట్లాగూ ఇంటర్వ్యూలంటే కష్టమే గదా," ఆత్రేయ లాలనగా అన్నాడు. "పీహెచ్‌డీ చేద్దువు. నేనే గైడ్‌గా ఉంట. నోరు తెరిచే పని లేకుండ చూస్త. నేను నీకెప్పుడన్న ఇబ్బంది కానిచ్చిన్నా?"

కానివ్వలేదు. అదే నిజం.

మొదటి సెమిస్టర్, మొదటి రోజు. ఒక్కొక్కరూ లేచి పేరు, ఊరు చెప్పాలి. దివాకర్ లేచాడు. 'ద' దగ్గర ఆగాడు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. పది సెకన్లు గడిచాయో, ఇరవై గడిచాయో తెలియదు. ఇంకో పది సెకన్లు ఆగి ఉంటే వచ్చేసేది. పేరు గొంతు దాటి పెదాల దాకా వచ్చేసింది. అంతలో ఆత్రేయ చెయ్యి ఎత్తాడు. "నువ్వు కూర్చో బాబూ, ఇబ్బంది పడకు. పక్కనోడు చెప్తడు. నీ పేరేంది, ముఖేషా? ఇతని పేరు చెప్పు." పక్కనున్న కుర్రవాడు దివాకర్ చొక్కా జేబుకున్న ఐడీ కార్డు చూసి చదివాడు. "వెరీగుడ్," అన్నాడు సార్. "రేపట్నుంచి పదిహేడో నంబరు హాజరు గూడ నువ్వే పలుకు. అతనికి తిప్పలు తప్పుతయ్, మనకు టైం కలిసొస్తది."

క్లాసు నవ్వింది. దివాకర్ కూడా నవ్వాడు. ఆ రోజు సార్ ముఖంలో కోపం లేదు, విసుగు కూడా లేదు. దయ ఉంది. దానికి దివాకర్ లోలోపల దణ్ణం పెట్టుకున్నాడు.

మర్నాటి నుంచి "సెవెంటీన్!" అని సార్ పిలవడం, దివాకర్ అక్కడే, మూడో బెంచీలో కూర్చుని ఉండగానే, "ప్రెజెంట్ సార్!" అని ముఖేష్ పలకడం. మామూలుగా క్లాసుకి రానివాడికి ప్రాక్సీ పలుకుతారు. కళ్ళెదుట కూర్చున్నవాడికి పలికింది ఇదొక్కటే. తరవాత సెమినార్ పేపర్ ముఖేషే చదివాడు, సార్ చదవమన్నాడు కాబట్టి. తరవాత మెస్‌లో, క్యాంటీన్‌లో, లైబ్రరీలో. ఎవరూ చెప్పకుండానే. అలా అలా పాకి, ఒక మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నప్పుడు మోగిన ఫోన్ దాకా వచ్చింది. ఈ రెండేళ్ళలో తన పేరు తను ఎన్నిసార్లు పలికాడు? వేళ్ళు మడుద్దామని చూశాడు దివాకర్. ఒక్క వేలూ మడవలేకపోయాడు.

అరుంధతి తిరిగి వచ్చి కూర్చుంది. సంచిలోంచి ఒక ఫారం తీసింది.

"మా ఆఫీసుతో మాట్లాడాను," అంది. "ఈ ఉద్యోగం మీకివ్వలేను దివాకర్ గారూ. మా రూలు అది. నాకు బాధగా ఉంది. ఆ జవాబులు ఎవరివో నాకిప్పుడు అర్థమైంది. మీ పరీక్ష పేపరు చూశాను, అవే మాటలు. గొంతు ఎవరిదో కూడా అర్థమైంది."

ఆత్రేయ కదిలాడు. ఆమె పట్టించుకోలేదు.

"కానీ ఆ అబ్బాయి పేరు నేను రాయను. ఇందాక ఆ కాగితం చదివిన తరవాత ఇంక అతనికి వేరే శిక్ష అక్కర్లేదు. ఇదిగో, 'మాట్లాడిన వ్యక్తి' అన్న గడి ఖాళీగా వదిలేస్తున్నాను." పెన్నుతో కింద చూపించింది. "ఇది మాత్రం నింపాలి. 'ప్రాక్సీ ఏర్పాటు చేసిన వ్యక్తి.' మీరే అయితే మీ పేరు. అప్పుడు మీ మీద వేటు తప్పదు. ఇంకెవరైనా ఉంటే వాళ్ళ పేరు. అబద్ధం మాత్రం వద్దు. అసలు ఇది ఎలా మొదలయింది?"

దివాకర్ ఫారం వైపు చూశాడు. ఏర్పాటు చేసిన వ్యక్తి.

తన పేరు రాయడానికి పెన్ను అందుకున్నాడు. తప్పు తనది కాదనే ధైర్యం అతనికి లేదు. ఫోన్ లాక్కోనిది తను. మూడో బెంచీలో నోరు మూసుకుని నవ్విందీ తనే. అమ్మకి ఈ సాయంత్రం ఏం చెప్పాలి? ఎవరు చెప్తారు? ఇప్పటిదాకా చెప్పిపెట్టినవాడు మెట్లు దిగి ఎటో వెళ్ళిపోయాడు. ఇక మీదట ఏ మాటైనా తనే చెప్పుకోవాలి.

"రాయి," అన్నాడు ఆత్రేయ. "చెప్పిన గదా. ఎవడో ఒక పాత ఫ్రెండు. రాసి సంతకం పెట్టు. మేడంకి ఫ్లైటుంది."

దివాకర్ పెన్ను బల్ల మీద పెట్టేశాడు.

"రా... రాయను," అన్నాడు. "చె... చెప్త."

అరుంధతి ల్యాప్‌టాప్ మూసి పక్కకి జరిపింది. రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని అతని వైపు చూస్తూ కూర్చుంది.

దివాకర్ నోరు తెరిచాడు.

ఏమీ రాలేదు. మెడనరం లేచింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఊపిరి ఛాతీలో గడ్డకట్టింది. గోడ మీద గడియారం ముల్లు కదులుతున్న చప్పుడు ముగ్గురికీ వినిపిస్తోంది.

"ఆ..."

"ఆ... ఆనందా?" ఆత్రేయ సాయానికి వచ్చాడు. "ఆనంద్ అనేటోడా? సీనియరా?"

దివాకర్ తల అడ్డంగా ఊపాడు. చొక్కా గుండీ దగ్గర బట్టని పిడికిలితో పట్టుకున్నాడు.

"ఆ... ఆ..."

"ఆంజనేయులా? మీ ఊరోడా? చెప్పు బాబూ, భయపడకు. మేడం, నేను చెప్తా, వీళ్ళ ఊర్ల ఆంజనేయులని ఒకడు..."

"సార్," అంది అరుంధతి. "మీరు ఆగండి. ఆయన్ని చెప్పనివ్వండి."

ఆత్రేయ ఆగాడు. గదిలో మళ్ళీ గడియారం చప్పుడు. పది సెకన్లు. ఇరవై. దివాకర్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. చెంపల మీదుగా నీళ్ళు కారుతున్నాయి. ఎవరూ మాట అందించలేదు. ముప్ఫై సెకన్లు. ఛాతీలో గడ్డ మెల్లగా కరిగింది. దివాకర్ కళ్ళు తెరిచి ఎదురుగా, సూటిగా చూశాడు.

"ఆ... ఆత్రేయ సార్."